ఆకులు గుంపులుగా వచ్చిన రోజు

అమెరికాలోని టెనెస్సీ కొండల్లో, ఒక ఆనకట్ట కింది ఏట్లో ట్రౌట్ చేపలు ఎక్కడ నిద్రపోతాయో వెర్లిన్ టిప్టన్‌కి తెలిసినంతగా చేపలకైనా తెలుసో లేదో. ముప్పై ఎనిమిదేళ్ళుగా పట్నాల నుంచి వచ్చినవాళ్ళని ఏట్లోకి దింపి, ఈకలతో ఈగలా కట్టిన ఎరని నీళ్ళమీద విసరడం నేర్పి, మళ్ళీ ఒడ్డుకు చేర్చాడు. ఒక్కరినీ పోగొట్టుకోలేదు. ఆ సంగతి అడిగినవాళ్ళకీ చెప్పేవాడు, అడగనివాళ్ళకీ చెప్పేవాడు.

అతను నేర్పే మొదటి పాఠం గాలం కాదు, నీళ్ళు. కరెంటు కోసం పైన తూములు తెరిస్తే మోకాలి లోతు ఏరు చూస్తుండగానే నిలువెత్తవుతుంది. తెరిచే ముందు సైరన్ మోగుతుంది.

"అదొక్కటే నమ్ముకోకండి. ఒడ్డున ఒక రాయి గుర్తుపెట్టుకోండి. అది తడిసిందా, చేప గాలానికి పడున్నా సరే, దారం తెంపి బయటికొచ్చెయ్యండి. ఇంకోటి. ఆకులు రాలే కాలంలో ఆకు ఒకటీ అరా పడితే గాలి పని. ఎండాకులు గుంపులుగా వస్తే మాత్రం ఏరు ఒడ్డెక్కి ఊడ్చుకొస్తోందని!"

అంత చెప్పినవాడికి వేసవి నుంచి చెవులు పోతున్నాయి. ముందు పిట్టల కూతలు పోయాయి, తర్వాత పొయ్యిమీద కెటిల్ ఈల. ఆగస్టులో సైరన్ మోత కూడా చెవిన పడలేదు. పక్కవాళ్ళు దారం చుట్టుకోవడం చూసి తనూ చుట్టుకున్నాడు. భార్య ఓలీటాకి చెప్పలేదు. చెబితే ఆ రోజే ఏరు బంద్. ఆ పైన వసారాలో కూర్చుని రోడ్డు చూస్తూ ఉండాలి. అదంటే అతనికి చావుకన్నా భయం.

అక్టోబరు చివర ఒక గురువారం ఒంటరిగా దిగాడు. పైమడుగులో మోచెయ్యంత ట్రౌట్ ఒకటి తిరుగుతోంది. ఓలీటా కట్టిన నారింజ రంగు ఈగని దానిముందు విసిరాడు. ఆకు తగిలింది. మళ్ళీ విసిరాడు, మళ్ళీ ఆకు. మూడోసారి రెండాకులు.

"ఛీ, ఎక్కడ దాపురించాయిరా ఇవి!" అని తిట్టుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళు చెప్పిన పాఠం ఆ చేప ముందు గుర్తే రాలేదు. వీపు వెనక ఒడ్డున అతను గుర్తుపెట్టుకున్న రాయి తడిసింది, తర్వాత మునిగింది. నడుముకి చల్లగా తగిలితే గోతిలో కాలేశాననుకున్నాడు.

మడుగులో పెద్ద రాయి పడింది. చేప మాయమైంది. ఇంకో రాయి భుజం పక్కనే పడింది. చేపల మీద రాళ్ళు వేసేవాళ్ళంటే అతనికి ఒళ్ళుమంట. చంపేసేలా వెనక్కి తిరిగాడు. ఒడ్డున ఓలీటా నోరు తెరిచి అరుస్తోంది. శబ్దం లేదు. ఆమె పక్కన కనపడాల్సిన గుర్తురాయీ లేదు.

గాలం వదిలేశాడు. ఏట్లో దిగాలంటే ఉండి తీరాల్సిన ఊతకర్ర పాతుకుంటూ అడుగు తీసి అడుగేశాడు. కాళ్ళకింద గులకరాళ్ళు దొర్లిపోతున్నాయి. ఆఖరి రెండు అడుగులు ఓలీటాయే నీళ్ళలోకి వచ్చి కాలరు పట్టి లాగింది.

ఇద్దరూ గడ్డిమీద చతికిలబడ్డారు. ఆమె అతని చెవి దగ్గరకొచ్చి అరిచింది.

"బండి హారన్ కొట్టా, గొంతు చించుకున్నా. వినపళ్ళేదా ముసలోడా?"

"ఈ హోరులో నీ గొంతేం వినపడుద్ది? సైరన్ విన్నాలే. ఒక్క చేప పట్టుకొద్దామని ఆగా."

"విన్నావా?"

"వినకేం? మూడుసార్లు మోగిందిగా."

ఓలీటా మళ్ళీ అతని చెవి దగ్గరకు వంగింది.

"సైరన్ మంగళారం నుంచి చెడిపోయుంది, వెర్లిన్. కొట్టు దగ్గర కాగితం అంటించారు. అది చెబుదామనే పరిగెత్తుకొచ్చా."

అతను ఏటివైపు చూశాడు. ఎండాకులు గుంపులుగా పోతున్నాయి. ఊతకర్ర తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు.