పడవ యజమాని కూర్చోవలసిన చోటు

లేదమ్మా, నేను పడిపోలేదు. విగ్రహం పెట్టిన రోజు పేపర్లో వచ్చిన నా ఫొటో చూసి గుజరాత్‌లో, ఆ వెరావల్‌లో మీరంతా కంగారు పడ్డారని మీ అమ్మ చెప్పింది. శోకంతో కుప్పకూలిన వీరమాత అని కింద రాశారట. నేను కూలిపోలేదు, కూర్చున్నాను. కావాలనే కూర్చున్నాను. మీరు ఫోన్లో అడిగిన రోజు బాగానే ఉన్నానని ఊరుకున్నాను. ఎందుకు కూర్చున్నానో ఇప్పుడు చెబుతాను.

నా కొడుకు, మీ మావయ్య, నేవీలో ఉండేవాడని మీకు తెలుసు. దూరదేశపు సముద్రంలో మత్తుమందు మోసే పడవల్ని ఆపే పనికి పంపించారు. రాత్రిపూట అలల్లో అలాంటి పడవొకటి ఎక్కబోతూ వాడూ, ఇంకో తల్లి కొడుకూ నీళ్ళలో పడ్డారు. ఇద్దరూ దొరకలేదు. ఆ రెండో తల్లిది ఎక్కడో ఉత్తరాది ఊరు. ఆవిడకి ఏం చెప్పారో నాకు తెలియదు. నాకు మాత్రం ఇంతే చెప్పారు.

ఇక్కడ మన భావనపాడులో ఇంతతో ఎవరికీ సరిపోలేదు. కుళాయి దగ్గర ఒకావిడ నా మొహం మీదే అడిగింది.

"సేపల వేటోడి కొడుకు నీట్లో పోడమేటి అప్పా?"

"సముద్రానికి సుట్టరికమేటి ఉంటాదే," అని బిందె ఎత్తుకుని వచ్చేశాను.

మా పేటలో ఒక పద్ధతి ఉంది. వేటకెళ్ళిన మనిషి తిరిగి రాకపోతే, ఆ పడవ యజమాని ఆ ఇంటికి రావాలి. చాప వేయకూడదు, కుర్చీ వేయకూడదు. తల్లో పెళ్ళామో నేల మీద కూర్చుంటే, ఎదురుగా తనూ నేల మీదే కూర్చోవాలి. ఆవిడ అడిగినదానికల్లా జవాబు చెప్పాలి. ఆవిడ లేచేదాకా లేవకూడదు. మా అయ్య పోయినప్పుడు వచ్చిన యజమాని మంచివాడేం కాదు. వాటాల్లో మోసం చేసేవాడు, తాగేవాడు. అయినా వచ్చి కూర్చున్నాడు. గాలి ఎటునుంచి కొట్టింది, తాడు ఎవరు విసిరారు, పొద్దున్న గంజి తాగాడా లేదా, మా అమ్మ అన్నీ అడిగింది. తెలిసింది చెప్పాడు, తెలియనిది తెలియదన్నాడు. ఆ తర్వాతే మా అమ్మ లేచి మొహం కడుక్కుంది.

నా ఇంటికి ఎవరు వస్తారు? పడవ కాదు, ఓడ. దానికి యజమాని ఎవరు? ఏడాది అలాగే ఎదురుచూశాను.

ఏడాది నిండాక బీచ్‌లో వాడి విగ్రహం పెట్టారు. ఫ్లెక్సీలో నాయకుల మొహాలు చేటలంత ఉన్నాయి. మీ మావయ్య ఒక మూల తపాలా బిళ్ళంత ఉన్నాడు. చెమటలు కారే ఎండలో నాకు ఉన్ని శాలువా కప్పారు. అప్పుడు తెల్లబట్టల్లో ఒక పెద్ద అధికారి వచ్చి నా ముందు నిలబడి సెల్యూట్ కొట్టాడు.

ఓడ తరఫు మనిషి. వచ్చాడు, ఆలస్యమైనా వచ్చాడు అనుకున్నాను. వెంటనే ఆ ఇసకలో కూర్చున్నాను. ఆయన కూర్చుంటాడని తలెత్తి చూశాను.

"నీల్లు తెండర్రా, ముసలమ్మ పడిపోనాది," అని ఎవరో అరిచారు.

"పడిపోనేదు బాబూ, ఒగ్గీండి, నన్ను కూకోనీండి," అంటూనే ఉన్నాను. నా గొంతు మీకు తెలుసుగా, పక్కవాళ్ళకే వినపడదు. పైగా మైకు మోగుతోంది. ఆ అధికారి మోకాలు వంచి నా వైపు వంగాడు కూడా. పక్కనున్న మన ఊరి నాయకుడు ఆయన మోచెయ్యి పట్టి లేపేశాడు. నన్నెత్తి ప్లాస్టిక్ కుర్చీలో కూలేశారు.

అధికారికి తెలుగు రాదు. నాయకుడి చెయ్యి పట్టుకుని, "ఆయన్ని ఒక్కమాట అడిగి సెప్పు బాబూ," అని నేను అడగవలసింది చెప్పాను. అతను హిందీలో ఏదో అన్నాడు. అధికారి గుండె మీద చెయ్యి పెట్టుకుని తలాడించాడు. నాయకుడు మైకు అందుకుని, ఆ తల్లి కోరిక మీద బీచ్ రోడ్డుకి వీరుడి పేరు పెడుతున్నామని ప్రకటించాడు. జనం చప్పట్లు కొట్టారు.

గుజరాత్‌లో వేట చేసొచ్చిన మా మరిదికి హిందీ తెలుసు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అన్నాడు.

"వొదినా, నువ్వు రోడ్డు అడిగినావేటి?"

"నేదు."

"ఆడు రోడ్డనే సెప్పినాడు ఆయనకి. నీ మాట సెప్పనేదు." ఆటో గోతిలో పడి లేచాక, "గోతులు పూడ్సరు గాని పేరు మాత్తరం ఎట్టేస్తారు," అన్నాడు.

బోర్డు పెట్టారు. దాని కిందే పొద్దుగూకితే గంజాయి పీలుస్తున్నారు. ఎక్కడో సముద్రం మీద మత్తుమందు ఆపబోయి నా కొడుకు పోయాడు. ఇది మన రోడ్డు మీదికి ఏ దారిన వస్తోందో ఎవరికీ పట్టదు. పండగలకి పిలిచి విగ్రహానికి దండ వేయమంటారు. నేను వెళ్ళను. వీరమాతకి పొగరన్నారు, అననీ.

ఆ అధికారిని నేనేమీ అనను. తన దాకా రాని మాటకి ఆయనేం జవాబు చెబుతాడు? మోకాలు వంచిన మనిషి, వదిలేస్తే కూర్చునేవాడేమో. కూర్చుంటే చెప్పేవాడేమో. మా అమ్మలా గాలి గురించి, తాడు గురించి అడిగేదాన్ని కాదు. ఆ రోజు నాయకుడి చెయ్యి పట్టుకుని అడగమన్నది ఒకటే.

"నీట్లో పడ్డాక నా కొడుకు ఎవర్నైనా కేకేసినాడా, బాబూ?"