మూడు గోడల ఇంట్లో గురక

తాతయ్యకున్నది ఒకే ఒక్క లోపం: నిలబడితే కునుకు, కూర్చుంటే గాఢనిద్ర. పడుకుంటే ఏమవుతుందో ఎవరూ చూడలేదు. అంతదాకా ఆయన ఎప్పుడూ ఆగలేదు.

వారం వారం టీవీలో వచ్చే నవ్వుల సీరియల్లో ఆయనది తాత వేషం. స్టూడియోలో ఆ కుటుంబానికి మూడే గోడలు. నాలుగో గోడ ఉండాల్సిన చోట కెమెరాలు. కిటికీ అవతల అట్టమీద గీసిన ఆకాశం. అక్కడ ఎప్పుడూ సాయంత్రమే. ఆ వాడని ఎండలో, పాత సోఫాలో, తాతయ్య ఒడ్డుకు కట్టిన పడవలా మెల్లగా ఊగుతూ ఉండేవారు.

మేకప్ మనిషి ఆయన నిద్రలో ఉండగానే మీసం అంటించేవాడు. "మేలుకుంటే మీసం వంకరపోతుందండీ" అనేవాడు. మొదట్లో తాతయ్యకు డైలాగులుండేవి. రచయిత వాటిని తగ్గించుకుంటూ వచ్చి, చివరికి 'తాత నిద్రపోతుంటాడు' అన్న ముక్క మిగిల్చాడు. జనం ఆ ముక్క కోసమే టీవీ పెట్టేవారు. గురకతోనే ఆయన కోప్పడేవారు, ఆశ్చర్యపోయేవారు, ఒకసారి మనవరాలికొచ్చిన పెళ్ళిసంబంధం కూడా తిప్పికొట్టారు. ఉత్తమ నటుడి బహుమతి ఇస్తే వేదికమీదే కునికారు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

ఆ నిద్ర చూసి నవ్వురానిది కోడలి వేషం వేసే అమ్మాయికి ఒక్కదానికే. ఆమెకు మాటలు మరిచిపోయే జబ్బు. ఇంట్లో గిన్నెలకూ కర్టెన్లకూ అప్పజెప్పి వచ్చిన డైలాగు, సెట్టులో దీపాలు వెలగగానే పిచ్చుకలా ఎగిరిపోయేది. దాన్ని వెతుక్కునేలోపే సోఫాలోంచి గుర్రుమని గురక!

"కట్! తాతగారూ, ఇది మీ పడకగది కాదండీ!" దర్శకుడు జుట్టు పీక్కునేవాడు.

"ఆఁ? నా వంతు వచ్చిందా బాబూ?"

"మీ వంతు నిద్రపోవడమేనండీ! కోడలు మాట్లాడేటప్పుడు మాత్రం కాస్త చప్పుడు లేకుండా కానివ్వండి!"

ఆ నవ్వుల్లో, తిట్లలో కోడలు కాగితం చూసుకుని గట్టెక్కేది. గట్టెక్కి, "ఊపందుకునే వేళకే మొదలెడతారీయన" అని విసుక్కునేది.

ఒకరోజు దర్శకుడు ఆమెను పక్కకు పిలిచాడు. "అమ్మాయ్, ఈ సీనంతా ఒక్క టేకులో రావాలి. మాట మర్చిపోయావా, వేరే కోడల్ని తెచ్చుకుంటాం."

ఆమె తిన్నగా సోఫా దగ్గరకెళ్ళింది. "తాతయ్యా, మీకు దండం పెడతాను. ఈ ఒక్కసారికి గురక పెట్టకండి. నా వేషం పోతుంది."

తాతయ్య ఒక కన్ను తెరిచారు. "గురకా? నేనా?"

"మీరే!"

"మాటిస్తున్నానమ్మాయ్. రెప్ప కూడా వాల్చను."

దీపాలు వెలిగాయి. ఇంటిల్లిపాదీ అలిగి తలో మూలా కూర్చున్న సీను. కోడలు గరిటె పట్టుకుని వచ్చి అత్తగారిని దులిపింది, మొగుణ్ణి కడిగింది, ఆడపడుచును ఆరేసింది. మాటలు ఏరులా పారుతున్నాయి. సోఫావైపు తిరిగింది. పిచ్చుక ఎగిరిపోయింది.

నిశ్శబ్దం. కెమెరా తిరుగుతూనే ఉంది. ఆమె అలవాటుగా గురక కోసం ఎదురుచూసింది. ఎదురుచూస్తున్నానని తెలిసి తానే ఉలిక్కిపడింది.

తాతయ్య నిటారుగా కూర్చున్నారు. ఇచ్చిన మాటకు కట్టుబడి, కళ్ళు రెండు చందమామల్లా తెరుచుకుని, మీసం చెమటకు ఊడిపోతుంటే, ఏం చేయాలో తోచక ఆమెకేసే చూస్తున్నారు. ఇన్నాళ్ళ గురకలన్నీ ఆమె చెవుల్లో వరసగా మోగాయి. ప్రతి ఒక్కటీ ఆమె మౌనం మీద ఎవరో కప్పిన దుప్పటి.

నిద్రపోయేవాణ్ణి లేపొచ్చుగాని నిద్ర నటించేవాణ్ణి లేపలేమంటారు. పడుకోబెట్టడం ఎలాగో మాత్రం ఎవరూ చెప్పలేదు.

"తాతయ్యా," అంది కోడలు, స్క్రిప్టులో లేని గొంతుతో, "పాపం, ఎంతసేపని మేలుకుంటారు? కాస్త కునుకు తీయండి."

ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు గురక వరదలా వచ్చిపడింది. సెట్టంతా నవ్వు ఆపుకుంది. ఆ సందులో పిచ్చుక తిరిగొచ్చి వాలింది.

"చూశారా, ఆయన నయం! ఈ ఇంట్లో నాకు అలగడానిక్కూడా తీరిక లేదు!"

"కట్! అద్భుతం! ఆ కునుకు మాట ఎవరు రాశారయ్యా?" అన్నాడు దర్శకుడు. రచయిత సిగ్గుపడుతూ తలవంచుకున్నాడు.

అందరూ వెళ్ళాక కోడలు టీ గ్లాసు పట్టుకుని సోఫా అంచున కూర్చుంది. అట్టమీద సాయంత్రం అలాగే ఉంది.

"ఇన్నాళ్ళూ మేలుకునే ఉన్నారు కదూ? ఆ తిట్లన్నీ నా కోసమేనా తిన్నారు?"

గురక.

"సరే, నిద్రపోయేవారికి టీ ఎందుకు? నేనే తాగేస్తాను."

గురక ఆగింది.

"సగం ఉంచమ్మాయ్," అన్నారు తాతయ్య, కళ్ళు తెరవకుండానే.