జీడిరసంతో రాసిన తొమ్మిది

ఈ మధ్య ఏ చొక్కా కొన్నా మెడ వెనకాల ఒక చిన్న గుడ్డ పట్టీ కుట్టి పంపిస్తున్నారు. ఏ నీళ్లలో ఉతకాలో, ఎంత వేడిలో ఇస్త్రీ చెయ్యాలో దాని మీద నాలుగు భాషల్లో ఉంటుంది గాని, అది వీపును గీరుతుందని ఏ భాషలోనూ ఉండదు. కత్తిరిస్తే మిగిలిన మొన ఇంకా ఎక్కువ గీరుతుంది. మొన్న నా చిన్ననాటి స్నేహితుడు దాలయ్య కూతురి పెళ్లికి వెళ్తుంటే కాశీబుగ్గలో బస్సు ఆగింది. జీడితొక్కు కాలిన పొగ గొంతులో కారం పూసినట్టు కిటికీలోంచి లోపలికొచ్చింది. నా చెయ్యి దానంతటదే వెనక్కెళ్లి వీపు తడుముకుంది. ఈసారి తప్పు పట్టీది కాదు.

ఆ పొగలోనే మేం పెరిగాం. ఉద్దానంలో వేసవి అంటే జీడితోటలే. పండు కొరికితే నాలిక మొద్దుబారేది, రసం చొక్కా మీద పడితే ఆ మరక చొక్కా కన్నా ఎక్కువ కాలం బతికేది, ఎండు కొబ్బరాకుల మంటలో పచ్చిపిక్కలు కాల్చుకు తిని నల్లమూతులతో ఇళ్లకు చేరితే ఎక్కడికెళ్లారని మా అమ్మలు అడగాల్సిన పనే ఉండేది కాదు. వానలు మొదలై ఇసక గట్టిపడగానే ఫుట్‌బాల్ వచ్చేది. అందరి బాల్యం హైస్కూలుతో అయిపోతుందంటారు గాని, నేను నాదాన్ని ఇంటర్ రెండో ఏడు దాకా లాగాను. కారణం మా కాలేజీ జట్టు.

ఆటల మేష్టారి పోస్టు ఖాళీగా ఉండడంతో బోటనీ మేష్టారు మెడలో విజిల్ వేసుకునేవారు. ఆ ఆట గురించి ఆయనకు తెలిసిన నియమం ఒక్కటే, బంతి పోతే కొత్తది రాదని. నేను ఎడమవైపు బ్యాక్. నా దగ్గరికొచ్చిన బంతి నన్ను పలకరించకుండా తన దారిన తాను పోయేది. అయినా ఫైనల్ దాకా వెళ్లామంటే అది అప్పన్న వల్ల. వాడిది సంతబొమ్మాళి వైపు సముద్రపొడ్డు పల్లె. చిన్నప్పట్నుంచీ తడి ఇసకలో వల లాగిన కాళ్లు, బూట్లు తొడిగితే నడవలేడు, విప్పితే ఎవడికీ దొరకడు. ఆ ఏడు మా జట్టు పేరున ఏడు గోల్స్ పడితే అందులో ఆరు వాడివి. ఏడోది అవతలి జట్టువాడు పొరపాటున వేసుకున్నాడు.

ఫైనల్ టెక్కలిలో. దానికి క్రీడా హాస్టల్ నుంచి ఒకాయన వస్తాడనీ, నచ్చిన ఒక్కడికి సీటిస్తాడనీ కబురొచ్చింది. సీటు రాకపోతే అప్పన్న దీపావళి మర్నాడు పలాసలో వాళ్ల చిన్నాన్నతో రైలెక్కి, గుజరాత్‌లో వెరావల్ రేవుకి బోటు పనికి పోవాలి. టికెట్టు అప్పటికే తీసేశారు. "సీటొచ్చిందంటే ఆ టికెట్టు మీద నువ్వెల్లిపో మావా," అనేవాడు నాతో, "సముద్రంలో అయితే నీ ఆట ఎవడూ సూడడు."

సెమీఫైనల్లో బనియన్ల మీద ఎర్రసిరాతో అంకెలు రాసుకుంటే వాన పడి పదకొండుమందిమీ గులాబీరంగులో తేలాం. ఫైనల్‌కి అంకెలు కనపడాల్సిందే అన్నారు. వచ్చే ఆయన పేర్లు రాసుకోడట, నంబర్లే రాసుకుంటాడట. అప్పుడు మా గోల్‌కీపర్ దాలయ్యకి ఆలోచన వచ్చింది. వాళ్లమ్మ జీడి బట్టీలో పిక్కలు కొట్టేది. బట్టలుతికేవాళ్లు గుర్తుకి జీడి చుక్క పెడితే బట్ట చిరుగుతుంది గాని చుక్క పోదు కదా, మనమూ పిక్కతొక్కులోంచి కారే జీడిరసంతోనే రాద్దాం అన్నాడు. చుక్క పెట్టేది బట్ట అంచున, మేం రాయబోయేది వెన్ను మీద అన్న సంగతి ఎవరికీ తట్టలేదు. వాళ్లమ్మకి తట్టింది. చర్మం ఊడి ఎర్రబడ్డ వేళ్ల కొనలు మా ముఖాల ముందు పెట్టి, "సేతికి తగిల్తేనే తోలూడిపోతంది, ఈపు మీద ఏటి రాత్తార్రా?" అంది. "రెండ్రోజులు ఎండబెడతాం పిన్నీ," అన్నాం. పుట్టినప్పట్నుంచీ జీడి మధ్యనే ఉన్నాం, మాకు తెలీదా అని ధైర్యం.

చేతిరాత బాగుంటుందని వేపపుల్ల కుంచె నా చేతికిచ్చారు. తొమ్మిది అప్పన్నది. ఆ వచ్చే ఆయనకి మైదానం అవతలి నుంచి కూడా కనపడాలని దాన్ని మూడుసార్లు దిద్దాను.

ఫైనల్ రోజు వాన లేదు, చెమట పట్టే ఎండ. మొదట దురద, తరవాత మంట. దాలయ్య బంతిని వదిలేసి వీపును గోల్ స్తంభానికి రాసుకుంటుంటే రెండు గోల్స్ పడ్డాయి. అప్పన్న ఒకటి తిరిగి కొట్టాడు. విరామంలో మేమంతా బనియన్లు ముందూ వెనకా తిప్పి వేసుకున్నాం, ఆట మిగతా సగంలో ఛాతీలు కాల్చుకోవడానికి. అప్పన్న తిప్పలేదు. "తిప్పితే ఆయనకి నంబరు కనబడదురా." మూడు పూతల తొమ్మిది పూర్తిగా ఆరనే లేదని నాకప్పటికి తెలిసింది. చెప్పి మాత్రం ఏం లాభం? ఒకసారి ఖాళీ గోల్ ముందు బంతి వాడి కాలికి దొరికింది. కాలెత్తినవాడు నడుం వంచి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని మోకాళ్ల మీద కూలిపోయాడు. బంతి మెల్లగా బయటికి పోయింది. గట్టు మీద హాస్టల్ ఆయన పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. అది అవతలి జట్టు ఏడో నంబరని తరవాత తెలిసింది.

అప్పన్న బనియన్ తీస్తే దానితో పాటు తోలూ వచ్చింది. దాలయ్య వాళ్లమ్మ కొబ్బరినూనె రాసింది. దీపావళి మర్నాడు అప్పన్న రైలెక్కాడు. గుజరాత్ చేరేదాకా బల్లకి వీపు ఆనించకుండా ముందుకు వంగే కూర్చున్నాడని వాళ్ల చిన్నాన్న ఎవరితోనో అన్నాడట.

ఇప్పుడు మేం ఆడిన చోట జీడి గోడౌన్ ఉంది. పిక్కలు యంత్రాలు కొడుతున్నాయి. కాలేజీకి ఆటల మేష్టారొచ్చారు, ఫుట్‌బాల్ జట్టే లేదు. నా వీపు మీది మూడో నంబరు మచ్చ ఏడాదికే మాసిపోయింది. మిగిలింది ఈ కథ. పెళ్లిళ్లలో అడిగి మరీ చెప్పించుకుంటారు. దాలయ్య ఇంట పందిట్లో కూడా చెప్పాను. గులాబీరంగు దగ్గర నవ్వారు, గోల్ స్తంభం దగ్గర ఆకుల ముందు కూర్చున్నవాళ్లకి పొలమారింది. సెలవు మీద వెరావల్ నుంచి వచ్చిన అప్పన్న నా పక్క ఆకు దగ్గరే ఉన్నాడు. వాడూ నవ్వాడు. నవ్వి, మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి అన్నాడు:

"బాగా సెప్తావు మావా. ఎన్నిసార్లు సెప్పినా, ఆకరికి గుజరాత్ ఎల్లేది నానే."