తోడేలుకు పరిచయమైన వంటవాడు

బాబ్జాన్‌కు ఉన్న జబ్బు ఒక్కటే. ఎదురుపడ్డ ఇద్దరిని ఒకరికొకరిని పరిచయం చేయకపోతే అతనికి అన్నం సహించదు. ఆ ఇద్దరిలో ఒకరికి నాలుగు కాళ్లున్నా సరే.

సౌదీలో తబూక్ అవతల కొండల్లో, పొద్దున్నే సందర్శకులను నడిపించి అడవి జంతువులను చూపిస్తారు. ముందు గైడ్ సాలెం, వెనక నీళ్లు మోసే బాబ్జాన్. "మాట్లాడొద్దు, దగ్గొద్దు" అని చెప్పి సాలెం అడుగు తీస్తాడు. కొండమేక కనబడిందో లేదో, వెనకనుంచి రాయచోటి తెలుగు మొదలవుతుంది.

"బావా, ఈయమ్మ జర్మనీ నుంచి వచ్చింది. ఇద్దురు బిడ్డలు. మోకాళ్లు నొస్తాండినా నీ కోసరం కొండెక్కింది."

బావ ఒక్క దూకులో మాయం. జర్మనీ ఆమె కెమెరాలో ఉత్త కొండ మిగులుతుంది. ఉడుమైతే పూర్తి పేరు వినేదాకా కూడా ఆగదు.

"నీ పరిచయాలతో ఈ కొండ ఖాళీ అవుతుంది" అని సాలెం తల పట్టుకునేవాడు.

సందర్శకులు దిగే క్యాంపులో వంటవాడు దేవన్నది జగిత్యాల వైపు. బాబ్జాన్ గదిలోనే ఉంటాడు. అతని పేరు క్యాంపులో ఎవరికీ పట్టదు. అందరికీ అతను "సదీక్", అంటే అరబ్బీలో దోస్తు. సదీక్, చాయ్. సదీక్, రొట్టె.

ఆ చలికాలంలో దేవన్న అక్క గంగవ్వ పోయింది. తల్లిలేని అతన్ని చంకనేసుకుని పెంచిన మనిషి. ఊరికి వెళ్లొచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా చేతికందేసరికి అక్కడ దహనం కూడా అయిపోయింది. "ఇగ పోయి ఏం జేస్త?" అని దేవన్న మళ్లీ పొయ్యి దగ్గర నిలబడ్డాడు. ఏడవలేదు. కూరల్లో ఉప్పు మాత్రం తప్పసాగింది. ఎందుకని ఎవరూ అడగలేదు. సదీక్‌ను మార్చమన్నారు.

సందర్శకులు లేని ఒక ఉదయం బాబ్జాన్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"నడు, కొండకు పోయొద్దాం."

"నాకద్దు భాయ్. పనున్నది."

"పని యాడికి పోతాది? రా దేవన్నా."

ఎండిన వాగు మలుపులో, ఎప్పటిలా ముందు నడుస్తున్న సాలెం ఆగమని చెయ్యెత్తాడు. ఎదురుగా, రాయి విసిరితే తగిలేంత దూరంలో తోడేలు. బక్కది, ఇసుక రంగుది. "పరుగెత్తొద్దు" అన్నాడు సాలెం మెల్లగా. దేవన్న పరుగెత్తే స్థితిలో లేడు. బాబ్జాన్ గొంతు సవరించుకున్నాడు.

"అద్దు భాయ్. నీ కాల్మొక్త" అని గొణిగాడు దేవన్న.

"మామా, ఈయన దేవన్న. జగిత్యాల. వాళ్లక్క గంగవ్వ పోయింది. తల్లి మాదిరి సాకిన అక్క. కడసారి చూపు గూడా దొరకలేదు. అందుకే మనిషి ఇట్లున్నాడు. ఏమనుకోవద్దు."

తోడేలు చెవులు ఇటు తిప్పి నిలబడింది.

గంగవ్వ పేరు ఈ దేశంలో ఎవరైనా పైకి పలకడం అదే మొదలు. దేవన్న ఆ ఇసుకలోనే కూలబడ్డాడు. లోపల బిగబట్టిందంతా ఒక్కసారి బయటికొచ్చింది. చిన్నపిల్లాడిలా, ముక్కు కారేలా ఏడ్చాడు. తోడేలు కాసేపు చూసి, తన దారిన వాగు దాటి వెళ్లిపోయింది. సాలెంకు తెలుగు రాకపోయినా సంగతి అర్థమైంది. వచ్చి పక్కన కూర్చున్నాడు.

చాలాసేపటికి దేవన్న ముఖం తుడుచుకున్నాడు.

"మందికి చెప్పకుండ తోడేలుకెందుకు చెప్పినవ్ భాయ్?"

"మనుషులకు చెప్తే అయ్యో పాపమని నీ మొగమే చూస్తా కూచుంటారు. నువ్వు ఏడ్చేకి సందేది? అదైతే ఇని, దాని పాటికి అది పోతాది."

"మరి కరిస్తెనో?"

"పరిచయమైనాక ఎవరు కరుస్తారప్పా?"

కన్నీళ్లింకా ఆరని ముఖంతోనే దేవన్నకు నవ్వొచ్చింది. "మా అక్క గూడ ఇట్లనే మాట్లాడేది" అంటూ, దిగేదారిలో గంగవ్వ కథ మొదలుపెట్టాడు.