నర్సమ్మ విన్న సగం కథ

నా చిన్నప్పుడు ఒక సాయంత్రం ఊరందరినీ కడుపుబ్బ నవ్వించాను. ఆ నవ్వు భరించలేక ఒక మనిషి లేచి వెళ్ళిపోయింది. తప్పు నాదే. చిన్నవాణ్ణి కదా అని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను గానీ, అన్న మాటకు అర్థం తెలియనంత చిన్నవాణ్ణేమీ కాదు.

మాది పాలకుర్తి దగ్గర ఒక పల్లె. మా తాతయ్య చర్చి ఉపదేశి. చదువు తక్కువ, గొంతు పెద్దది. యేసు చెప్పిన కథలను భుజాన తంబూర వేసుకుని, కాలికి గజ్జె కట్టి, మన పల్లె కథల బాణీలోనే పాడేవాడు. తప్పిపోయిన గొర్రెను మా ఊరి గుట్టమీదే వెతికించేవాడు. చర్చికి రానివాళ్ళు కూడా కథ ఉందంటే చాపలు పట్టుకుని వచ్చేవారు. పక్కన నిలబడి వంత పాడేది నేను. కథకుడు ఒక మాట అంటే దాన్ని అందుకుని "ఆ తర్వాత ఏమైంది?" అని అడగడం వంతగాడి పని. మధ్యమధ్య జనాన్ని నవ్వించడం కూడా అతని పనే. ఆ రెండో పని నాకు బాగా వచ్చు.

మొదటిసారి ప్రత్యేక తెలంగాణ కోసం కుర్రాళ్ళు రోడ్డెక్కిన సంవత్సరం అది. బడులు మూతపడ్డాయి. జనగామ నుంచి వచ్చిన పెద్ద పిల్లలు నేర్పిన నినాదాలు మా నోళ్ళలో రోజంతా నానుతుండేవి. మా ఊరి చిన్న దవాఖానలో పనిచేసే నర్సమ్మది గుంటూరు వైపు. వచ్చి మూడేళ్ళయింది. మా చెల్లెలు పుట్టింది ఆమె చేతుల్లోనే.

ఆ సాయంత్రం తాతయ్య దొంగల చేతిలో దెబ్బలు తిని దారిలో పడిపోయిన బాటసారి కథ ఎత్తుకున్నాడు. జనగామ నుంచి పాలకుర్తికి పోయే బాటలోనే అతన్ని పడేశాడు. తలపాగా పెద్దమనిషి ఒకడు చూసి తప్పుకుపోయాడు. మరొకడూ అంతే. "అప్పుడొచ్చిండమ్మా మూడో మనిషి," అని తాతయ్య తంబూర మీటాడు. ఎవరని అడగవలసిన వాణ్ణి నేను అడగలేదు.

"ఆంధ్రోడైతే కాదు గదా తాతా? ఆంధ్రోడైతే ఉన్న గోచి గూడ గుంజుకపోతుండె!" అన్నాను.

జనం గొల్లుమన్నారు. నాకు ఊపొచ్చింది. అచ్చం నర్సమ్మలా గొంతు సాగదీసి, "ఏవండీ, కాస్త ఆ గోచీ ఇలా ఇస్తారా అండీ?" అన్నాను. ఇక నవ్వు ఆగలేదు.

ఆడవాళ్ళ మధ్య మా చెల్లెల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నర్సమ్మ పిల్లను మా అమ్మకు అందించి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఎవరివైపూ చూడకుండా నడిచి వెళ్ళిపోయింది. తాతయ్య అరచేత్తో తంబూర తీగెలు ఆపేశాడు. కథ అక్కడే నిలిచిపోయింది. 

తెల్లవారేసరికి నర్సమ్మ పరుపు చుట్టి, బస్సు రోడ్డుదాకా బండి కావాలని కబురు పెట్టిందని తెలిసింది. పైఊళ్ళలో గొడవలు వింటూ బతుకుతున్న ఒంటరి మనిషి; ఇక్కడ కూడా అంతేనని అనుకుని ఉంటుంది. ఆమె పోతే మళ్ళీ ఎవరొస్తారో, అసలు వస్తారో రారో. నెలలు నిండిన ఆడవాళ్ళు ఊళ్ళో ఇద్దరున్నారు. మా నానమ్మ పొయ్యి దగ్గర నుంచే అందుకుంది: "నీ నోట్ల మన్ను వడ! ఆమె బొడ్డు కోసిన పోరగాండ్లే గీ ఊరు నిండ ఉన్నరు గదరా!"

తాతయ్య తంబూర తీసుకుని నన్ను వెంటబెట్టుకుని దవాఖాన అరుగు దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, నిన్న కథ సగంల ఆగింది. సగం కథ ఇన్న మనిషి ఊరి పొలిమేర దాటద్దని మా పెద్దల కట్టడి. జర కూసో, మిగిలిన సగం ఒడగొట్టి పంపిస్తం," అన్నాడు.

అలాంటి కట్టడి ఏదీ లేదని నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. ఆమెకు అప్పుడే తెలుసేమో. అయినా చుట్టిన పరుపు మీద కూర్చుంది. తాతయ్య తంబూర నా భుజాన వేసి, "ఇయ్యాల నువ్వు కథకునివి, నేను వంత," అన్నాడు. బండి కట్టుకొచ్చినవాళ్ళూ, చూడ్డానికి వచ్చినవాళ్ళూ చేరారు. నానమ్మ కూడా వచ్చింది.

పాడాను. మూడో మనిషి దాకా వచ్చాను.

"ఎవలొచ్చిండ్రు కథకుడా?" అన్నాడు తాతయ్య.

"మంచోడు."

"మంచోనికి ఊరుండదా? ఏ దిక్కు నుంచి వచ్చిండు?"

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "గుంటూరు దిక్కు నుంచి... మన నర్సమ్మ," అన్నాను. పాట కాదు, మాటే వచ్చింది.

"మనకూ ఆమెకూ పొత్తు లేదాయె. మరెందుకు ఆగింది?"

నేను నోరు తెరిచేలోపు నర్సమ్మే చెప్పింది. "పడి ఉన్న మనిషిని చూశాక కాళ్ళు ముందుకు పడవండీ. ఊరిదేముంది అందులో?"

ఆ 'అండీ'కి ఎవరూ నవ్వలేదు. ఆమె నా వైపు తిరిగింది. "నువ్వన్నందుకు కాదురా, నువ్వు పిల్లవాడివి. వీళ్ళంతా నవ్వారు చూడు, దానికి బాధేసింది."

 అప్పుడు నానమ్మ పోయి ఆమె పక్కన కూలబడింది. "నవ్వినోళ్లల్ల నేను గూడ ఉన్న బిడ్డా," అంది. ముందురోజు నానమ్మ నవ్విందని నాకు అంతవరకూ తెలియదు. పొద్దున నన్ను అంతగా తిట్టింది అందుకే కాబోలు. ఆ తర్వాత ఇంకొకామె వచ్చి కూర్చుంది, ఆ వెనక మరొకామె. కాసేపటికి పరుపు తాడు విప్పింది నానమ్మో నర్సమ్మో నాకు గుర్తులేదు. బదిలీ అయ్యేదాకా ఆమె మా ఊళ్ళోనే ఉంది.

ఆ ఏడాది తాతయ్యతో ఏ ఊరికి కథకు వెళ్ళినా బాటసారి కథ నేనే పాడేవాణ్ణి. మూడో మనిషి దగ్గర గుంటూరు నర్సమ్మనే చెప్పేవాణ్ణి. కొన్ని ఊళ్ళలో తిట్లు తిన్నాను, ఒకచోట పాడుతుండగానే చాపలు చుట్టుకుని లేచిపోయారు. అయినా పాట మార్చలేదు.

తెలంగాణ కావాలని నేను అప్పుడూ అడిగాను, నలభై ఏళ్ళ తర్వాత జనగామ దీక్షా శిబిరంలో నెరిసిన తలతోనూ అడిగాను. అక్కడ కుర్రాళ్ళు, "తాతా, ఆంధ్రోళ్ల మాట పెట్టి జర నవ్వించరాదే," అని బతిమాలారు. మన యాసను వాళ్ళు సినిమాల్లో ఎగతాళి చేసిన బాధ నాకూ ఉంది. ఆ పాత గోచి మాట నాలుక చివరికి వచ్చింది కూడా. పాడబోయే ముందు జనంలోని ముఖాలను ఒక్కొక్కటిగా చూశాను. ఎదురు హోటల్ నడుపుకునే కృష్ణా జిల్లా ఆయన, శిబిరంలో వాళ్ళకోసం తెచ్చిన టీ గ్లాసులు చేతబట్టుకుని, వెనక నిలబడి ఉన్నాడు. ఆ మాట మింగేసి, మన నీళ్ళ గురించి, మన కొలువుల గురించి గొంతు చించుకుని పాడాను. ఆయన చివరిదాకా నిలబడి విన్నాడు.