మావ పాటల పెట్టె, అడగని అప్‌డేటు

ఎనిమిదో తరగతిలో నేను బడి మానేసిన సంగతి బడికి తెలియడానికి చాలా రోజులే పట్టింది. హాజరు పిలిచినప్పుడల్లా మా బెంచీవాడు గొంతు మార్చి నా బదులు పలికేవాడు. అక్కడితో ఆగక యూనిట్ పరీక్షలో నా పేరు మీద ఒక పేపరు కూడా రాసి ఇచ్చాడు. దానికి వచ్చినన్ని మార్కులు నేను స్వయంగా వెళ్ళిన రోజుల్లో ఏనాడూ రాలేదు. ఆ బడికి నావల్ల జరిగిన మేలు ఏదైనా ఉంటే అది నేను మానేయడమే.

ఇంత చదువు చదివినవాడికి బ్రౌజరు మీద కోపం రావడమేమిటని మీరు అడగొచ్చు. వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు. ఎందుకో చెబుతాను, తీర్పు మీరే చెప్పండి.

నాది నెల్లిమర్లలో రిపేరు షాపు. మిక్సీలు, టీవీలు, ఫోన్లు, అప్పుడప్పుడూ కంప్యూటర్లు. చవక నెట్టు అందరి చేతుల్లోకీ వచ్చిపడిన రోజులవి. మా మావ ఏటికి అవతల ఊళ్ళో గోగూ చోడీ పండిస్తూ కాసిని గొర్రెలు పెట్టుకుని ఉండేవాడు. ఆయన మా అమ్మకు తమ్ముడు, మా ఆవిడకు తండ్రి. అంటే నన్ను తిట్టడానికి ఆయనకు రెండు వైపుల నుంచీ హక్కుంది. కానీ ఆ చుట్టుపక్కల ఆయన్ని తప్పెటగుళ్ళ గురువుగానే ఎరుగుదురు. రొమ్ముల మీద రేకు తప్పెటలు కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో మేళమంతా గుండ్రంగా తిరుగుతుంటే, మధ్యలో నిలబడి కథ ఎత్తుకునేవాడు మావ.

ఆయన దగ్గర ఒక పెద్ద కథ పాట ఉండేది. తన గురువు నోట విని నేర్చుకున్నది. మోకాళ్ళు పట్టేశాక, అంత పొడవు పాటను ఆడుతూ పాడడం చేతకాక దాన్ని పక్కన పెట్టేశాడు. ఏళ్ళ తరబడి అది ఎవరి చెవినా పడలేదు. ఆ మేళాల్లో ఒక కట్టుబాటుంది. గురువు పాట అమ్మవారి సంబరంలో మొదట గురువు కూర్చోబెట్టి నేర్పినవాడి నోటనే వినబడాలి. ఆ తర్వాత ఎవరు పాడుకున్నా తప్పులేదు. ఈలోగా పక్క మేళం పాడేసిందా, పాట వాళ్ళదైపోతుంది. సొంత కొడుకు పాడినా ఎత్తుకొచ్చి పాడాడంటారు. మావకు ఒక పాట అలాగే పోయింది. సాధన చేస్తుంటే గడ్డిమేటు చాటున నిలబడి విని, పక్కూరి మేళం ముందుగా పాడేసింది. ఆ ఊరి మీదుగా వెళ్ళే ఆటో కూడా ఎక్కడం మానేశాడాయన.

అలాంటి మనిషికి గొంతులో గడ్డ వచ్చింది. ఆపరేషను చెయ్యాలి, మాట మునుపటిలా వస్తుందని చెప్పలేమన్నారు డాక్టర్లు. ఆ వారమే షాపుకు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఒరే అల్లుడా, పాట పట్టే సామాను నీ కాడున్నాదా?"

"ఉన్నాది మావా. నువ్వు ఎత్తుకో, నాను నెట్టులో పెట్టేస్తాను. దేశమంతా ఇంటాది."

"నెట్టులో పెడితే నీ కాలిరగ్గొడతాను. నా కొడుకు నోట పలికిందాకా ఆ పాట నీ గుమ్మం దాటకూడదు. ఫోనుల్లోకీ ఎక్కించొద్దు. ఫోను సేతులు మారతాది."

అందుకే పెట్టె కట్టాల్సి వచ్చింది. ఏదో ఆఫీసులో మూల పడేసిన కంప్యూటరు తెచ్చి, దానికి రెండు హార్డ్ డిస్కులు బిగించాను. ఒకటి పాడైనా రెండోదానిలో అంతా ఉంటుంది. ఊరికే దొరికే సర్వరు సాఫ్ట్‌వేరు ఎక్కించాను. మా ఇంటి వైఫై అందే మేర, ఫోనులో బ్రౌజరు తెరిచి ఒక అంకెల చిరునామా కొడితే పాటల వరస కనబడుతుంది, నొక్కితే వినబడుతుంది. వీధి గుమ్మం దాటితే ఏమీ లేదు. పెట్టడానికి వేరే చోటు దొరక్క వంటింటి అటక మీదికి ఎక్కించాను.

"దానికి రెండు ఫేన్లు. పొయ్యి కాడ నాకొక్కటి నేదు," అంది మా ఆవిడ. "నాను కూడా పాత ఆపీసు సామానుగా పుట్టుంటే బాగున్ను బావా."

పెట్టె సరే, దానికి తాళం కావాలి కదా. బ్రౌజరులో చిరునామా పక్కన చిన్న తాళం బొమ్మ వస్తుంది, అది రావాలంటే పెట్టెకు సర్టిఫికెట్టు ఉండాలి. నేను ఫలానా పెట్టెను అని యంత్రం చూపించుకునే గుర్తింపు కాగితమన్నమాట. వీడియోలు చూసి దాన్ని నేనే తయారు చేశాను, సంతకమూ నేనే పెట్టాను, ఈ సంతకాన్ని నమ్మండని ఇంట్లో ఉన్న ఒక్కొక్క ఫోనుకూ చెప్పుకున్నాను. చిరునామా పక్కన ఆకుపచ్చ తాళం వచ్చి కూర్చుంది. మావ ఫోనును కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఏసున్నాదా?"

"ఏసున్నాది మావా."

ఆ బొమ్మ చూశాకే పాడడానికి ఒప్పుకున్నాడు. కిటికీలు మూయించి, కుక్కరు ఆపించి, రోజుకు కొంత చొప్పున పాటంతా మైకు ముందు పాడాడు, నేను పెట్టెలోకి ఎక్కించాను. ఎక్కడ ఏ కాలు ముందు పడాలో, ఎక్కడ మేళం ఆగి ఊపిరి పీల్చుకోవాలో అన్నీ చెప్పాడు. ఆ తర్వాత ఆపరేషను అయింది. మనిషి దక్కాడు గానీ గొంతులో గాలి మాత్రమే మిగిలింది.

మావ కొడుకు, అంటే నా బావమరిది, ఇక్కడి జూట్ మిల్లులో పనిచేసేవాడు. షిఫ్టు దిగాక మా ఇంటికి వచ్చి, మధ్యగదిలో కూర్చుని, ఒక ముక్క విని ఒక ముక్క పాడేవాడు. మావ ఎదురుగా పీట వేసుకునేవాడు. తప్పు వస్తే తొడ మీద చెళ్ళుమని ఒకటి వేసేవాడు. తన తొడ మీద కాదు, కొడుకు తొడ మీద. అలా ఏడాది నడిచింది. ఊరి పెద్దలు కబురు పెట్టారు. ఈ ఏడు అమ్మవారి సంబరానికి ఆ పాట మీరు పాడతారా, లేక పక్కూరి మేళాన్ని పిలుచుకోమంటారా అని. పాడతామని మావ తల ఊపి మాట ఇచ్చేశాడు. అప్పటికి ఇంకా మూడోవంతు పాట కొడుక్కి రావాల్సే ఉంది.

అప్పుడు వచ్చింది అప్‌డేటు.

ఆదివారం పొద్దున్న. బావమరిది ఫోను తెరిచేసరికి పాటల వరస లేదు. తాళం ఉండాల్సిన చోట ఎర్ర గుర్తు. వాడి ఫోనును తెలుగులోకి మార్చింది నేనే, సులువుగా ఉంటుందని. ఆ పుణ్యమే నన్ను కట్టి కుడిపింది. వాడు బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు పైకి చదివాడు. మీ కనెక్షను ప్రైవేటు కాదట. దాడి చేసేవాళ్ళు మీ సమాచారాన్ని దొంగిలించడానికి ప్రయత్నిస్తూ ఉండవచ్చట.

మావ పీట మీంచి లేచాడు. "ఎవుడు?" గాలే అయినా ఆ మాట గదంతా వినబడింది.

"ఎవుడూ లేడు మావా. అదలా అంతాది."

"ఊరికే దొంగలని అంతాదేటి?"

"అప్‌డేటయింది. అంటే, కొత్తగా మారింది."

"నువ్వు మార్సేవా?"

"నాను కాదు."

"నువ్వు కాకపోతే నీ ఇంట్లో మార్సినోడు ఎవుడు?"

ఈలోగా బావమరిది తన వంతు పుల్ల వేశాడు. "పక్కూరి మేళపోడు మొన్న నీ షాపుకొచ్చేడు కదేటి బావా?"

"సార్జింగు పిన్ను మార్సేనురా ఆడికి."

"పిన్నొక్కటే మార్సేవా?" అన్నాడు మావ.

ఆయన చెప్పినదాంట్లో తప్పు వెతుకుదామన్నా దొరకదు. ఈ పెట్టెకు నాకంటే ఎక్కువ తెలుసని ఏడాదిగా ఆయనకు చెబుతున్నది నేనే. ఆ పెట్టే ఇప్పుడు దొంగలున్నారంటుంటే లేరనడానికి నేనెవణ్ణి? మావ స్టూలు ఎక్కాడు. వైర్లు పీకాడు. పెట్టెను చుట్టుకోవడానికి మా ఆవిడ తన పాత చీర తీసిచ్చింది, అటక ఖాళీ అవుతుందన్న సంతోషంతో కాబోలు. "పాట నా ఇంటికాడుంటాది. రమ్మను దొంగల్ని," అని ఆటో ఎక్కాడు. చంటిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు.

నా కోపం అప్పుడు మొదలైంది. జరిగింది ఇది. మేం నిద్రలో ఉండగా మా ఫోన్లలోకి కొత్త బ్రౌజరు దిగింది. ఎవర్నీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. మా వీధికి మీటరు చూడడానికి వచ్చే కరెంటాయన కూడా గుమ్మంలో నిలబడి "అమ్మా, మీటరు" అని పిలిచి, ఎవరైనా రమ్మన్నాకే లోపలికి వస్తాడు. వీళ్ళకు ఆ పాటి మర్యాద లేదు. వచ్చి ఏం చేశారంటే, సర్టిఫికెట్టులో పెట్టె పేరు రాయడానికి రెండు గడులున్నాయి. నేను ఒకదానిలో రాశాను. నిన్నటిదాకా అందరూ చూసిన గడే అది. ఇక మీదట ఆ గడి చూడం, రెండో గడే చూస్తామని వాళ్ళలో వాళ్ళు అనుకున్నారట. పేరు మారలేదు, అక్షరం పోలేదు, పెట్టె అదే, గోడ అదే, వైరు అదే. గడి వేరైంది. అందుకు దొంగలంటారా?

పేరు పాత గడిలో ఉంది, కొత్త గడిలో రాసుకోండి అని ఆ పేజీ మీద ఒక్క ముక్క రాస్తే ఏం పోయేది? మావ చదివించుకునేవాడు, నేను మార్చేవాణ్ణి, పూటలో పని అయిపోయేది. అది మాత్రం కింద చీమ తలకాయంత ఇంగ్లీషులో పెట్టి, దొంగతనం మాట తెలుగులో కొట్టొచ్చినట్టు రాశారు. భయపెట్టే మాటకు మా భాష పనికొచ్చింది, పనికొచ్చే మాటకు పనికిరాలేదు.

నాకు వచ్చిన ఇంగ్లీషులో నెట్టులో ఒకచోట అడిగాను. ఇదంతా మీ భద్రత కోసమే అన్నాడొకడు. ఇంకొకడు, సంతకం నీది చెల్లదు, పేరున్న సంస్థ చేత పెట్టించుకో అన్నాడు. సరే, పెట్టించుకుందామని చూస్తే, నా పెట్టెకు నెట్టులో అందరికీ తెలిసే పేరు ఉంటేనే వాళ్ళు పెడతారట. చూశారా వరస. నా ఇంట్లో నేను ఇంటివాణ్ణని చెప్పడానికి ఊరుగాని ఊరివాడి సంతకం కావాలి. ఆ సంతకం కోసం, గుమ్మం దాటకూడదన్న పెట్టెకు ఊరంతా పేరు చాటించాలి. బ్యాంకు పేజీలకు కాపలా పెట్టుకోండి, నేను కాదనను. నా వంటింటి అటకను కూడా బ్యాంకు అనుకుంటే ఎలా?

అయినా కొత్త గడిలో పేరు రాసి ఇంకో సర్టిఫికెట్టు తయారు చేసుకుని, ఏరు దాటి మావ ఇంటికి వెళ్ళాను. పెట్టె గాదె పక్కన చీరతోనే ఉంది.

"తాళం మళ్ళీ పచ్చబడతాది మావా. తప్పు దొరికింది."

"మళ్ళీ ఎర్రబడదని మాటిస్తావేటి?"

ఎలా ఇవ్వను? తాళం నాది, దాని రంగు వాళ్ళది. మావ ముందు నేను అబద్ధాలు చాలా ఆడాను, అన్నీ నవ్వుకోడానికే. ఆ పూట మాత్రం నోరు రాలేదు. నన్ను అన్నిటికంటే మండించింది అదే. సంబరం దగ్గరపడుతోంది, కొడుక్కి పాట పూర్తిగా రాలేదు, పాట రెండు డిస్కుల్లో భద్రంగా ఉంది, తండ్రి దాన్ని తెరవనివ్వడు. ఆయన్ని నమ్మించడానికి నా దగ్గర ఒక్క మాట లేదు.

"వైఫై వొద్దు, బ్రౌజరు వొద్దు. నా గదిలో పాడాల, నా తలుపు నాను ఏసుకోవాల. సేస్తే సెయ్యి, నేకపోతే ఎల్లిపో," అన్నాడు.

చేశాను. షాపులోంచి పాత మానిటరూ స్పీకర్లూ తెచ్చి పెట్టెకు నేరుగా తగిలించాను. సర్వరు సాఫ్ట్‌వేరు తీసేసి, మామూలు కంప్యూటరులాగా పాట పాడేట్టు మార్చాను. నెలల తరబడి వీడియోలు చూసి కట్టిన నా సర్వరు చివరికి టేపు రికార్డరైంది. బావమరిది షిఫ్టు దిగి సైకిలు మీద ఏరు దాటి వెళ్ళి, మావ గదిలో తలుపు గడియ పెట్టుకుని మిగిలిన పాట నేర్చుకున్నాడు. అన్నాళ్ళూ నేను షాపుకు వచ్చిన ప్రతివాడికీ ఆ గడుల సంగతి చెబుతూనే ఉన్నాను. మిక్సీ జార్ తీసుకుపోదామని వచ్చినవాళ్ళు అది అక్కడే వదిలేసి వెళ్ళిన రోజులున్నాయి.

సంబరం నాటి సాయంత్రం బావమరిది మధ్యలో నిలబడి పాట ఎత్తుకున్నాడు. ఒకచోట తడబడి, మేళం చేత ఇంకో చుట్టు తిప్పించి, అందుకున్నాడు. మావ మంచం మీద కూర్చుని పెదవులు కదుపుతూ, తనలో తను నవ్వుకుంటూ ఉన్నాడు. కథ సగానికి వచ్చాక జనంలోకి చూశాను కదా, నా ఒళ్ళు మండిపోయింది. పక్కూరి మేళంవాళ్ళు ముందు వరసలో నిలబడి, మొదటి మాట నుంచీ మొత్తం ఫోన్లలో పట్టుకుంటున్నారు. పిన్ను మార్పించుకున్నవాడు అందరికంటే ముందున్నాడు. వాడి ఫోనులో ఛార్జింగు కూడా దండిగా ఉంది, నా చలవే.

మావ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. "సూసేవా మావా? ఏ దొంగా లేనప్పుడు నా పెట్టి పీక్కుని పోయేవు. ఇప్పుడు నిజం దొంగలు ఎదురుగుండా పాటంతా ఎక్కించుకుంతంటే కూకుని నవ్వుతన్నావేటి?"

మావ వాళ్ళ వైపు చూశాడు, కొడుకు వైపు చూశాడు, నా మెడ మీద చెయ్యి వేసి దగ్గరకు లాక్కున్నాడు. గజ్జెల మోతలో ఆ గాలి మాట అందడానికి చెవి ఆయన నోటికి ఆనించాల్సి వచ్చింది.

"ఎక్కించుకోనీరా. ఏడాది నీ ఇంట్లో పాడింది, నీకొక్క ముక్కొచ్చిందేటి?"