మిరప కల్లంలో గులాబీ చొక్కా

బొబ్బలు పగిలిన పాదం ఎండుమిరపకాయల మీద పడగానే నేను పెట్టిన కేకకు, కల్లంలో తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు.

రొమ్ము క్యాన్సర్ పరీక్షలకు విరాళాల కోసం గులాబీ చొక్కాలు వేసుకుని వినుకొండ నుంచి వేటపాలెం దాకా నడుస్తున్నాం. మార్టూరు దగ్గర మంచినీళ్ల కోసం ఆగి, కల్లంలో చెప్పులతో అడుగు పెట్టకూడదంటారని బూట్లు విప్పాను. విలేకరిగా ముప్పై ఏళ్లు పాదయాత్రల వార్తలు రాసినవాణ్ని, జీపులో కూర్చుని.

"ఏ పార్టీ బాబాయ్, గులాబీ చొక్కా?" అంది వాళ్లలో మస్తాన్‌బీ అనే ఆవిడ, నా పాదాల మీద మజ్జిగ పోస్తూ.

"పార్టీ కాదమ్మా. మా ఆవిడకు రొమ్ములో గడ్డొస్తే వెంటనే చూపించి బతికించుకున్నాం. అది చెప్పడానికే ఈ నడక."

"పిన్ని ఇంట్లో కూర్చుని నిన్ను తోలిందా?"

"ఆవిడ నాకంటే రెండు మైళ్లు ముందుంది!"

మళ్లీ నవ్వులు. అవి ఆగాక మస్తాన్‌బీ గొంతు తగ్గించింది.

"నొప్పి లేని గడ్డయినా చూపించాలా బాబాయ్?"

"చూపించాలమ్మా. రేపే వెళ్లు."

"కాయ కోతలు అయిపోనీ."

నేను ఫోన్ చేస్తే మా ఆవిడ వెనక్కి నడిచొచ్చి, మస్తాన్‌బీతో చాలాసేపు మాట్లాడి, తన నంబరు రాసిచ్చింది. ఆ తర్వాత రెండోరోజు నేను కుంటుకుంటూ వేటపాలెం చేరితే చప్పట్లు కొట్టారు.

నా బొబ్బలు మానాయి. కోతలు అయిపోయి నెల దాటింది. మస్తాన్‌బీ నుంచి ఇంకా ఫోన్ రాలేదు.